తలలు లెక్కపెట్టడానికి పెట్టిన కెమెరా

2002 ఎండాకాలం. విశాఖపట్నంలో ట్రాఫిక్ సర్వేలు చేసే ఒక చిన్న సంస్థలో నేను సూపర్‌వైజర్‌ని. ఆ ఏడు మా నర్సీపట్నం మెయిన్ జంక్షన్‌లోనే పని పడింది. రోడ్డు వెడల్పు చేస్తారట, ఫుట్‌పాత్ ఎటువైపు ఎంత కావాలో మేం చెప్పాలి. పుట్టి పెరిగిన ఊరు, అమ్మ ఇల్లు చర్చి వీధిలోనే ఉంది, ఆ వారమంతా అమ్మ చేతి వంట తినొచ్చని నేనే ముందుకెళ్లి ఒప్పుకున్నాను.

ఈ పనిని పెడెస్ట్రియన్ కౌంట్ అంటాం, అంటే నడిచేవాళ్ల లెక్క. అంతకుముందు మనుషుల్ని రోడ్డు పక్కన స్టూళ్ల మీద కూర్చోబెట్టి చేయించేవాళ్లం. పాపం ఎండకి సొమ్మసిల్లేవారు, టీకి వెళ్లినంతసేపటి అంకెలు ఊహించి రాసేసేవారు. అందుకని వీడియో పద్ధతి వచ్చింది. మేడ మీంచి రోడ్డంతా కనిపించేలా కెమెరా పెట్టి తీస్తాం. తర్వాత ఆ క్యాసెట్ టీవీలో వేసి, టీవీ అద్దం మీద స్కెచ్ పెన్నుతో ఒక గీత గీస్తాం. దాని పేరు స్క్రీన్ లైన్. ఆ గీత దాటిన ప్రతి తలకీ చేతిలో ఉన్న టాలీ కౌంటర్‌ని ఒకసారి నొక్కాలి. దాటింది ఎవరన్నది మాకు అక్కర్లేదు.

మా సంస్థకి అప్పటికి సొంత కెమెరా లేదు. ఊళ్లో పెళ్లిళ్లకి వీడియోలు తీసే అప్పలరాజుని కుదుర్చుకున్నాం. మంచివాడే. కానీ నోట్లో నువ్వుగింజ నానదు, చెయ్యి జూమ్ మీంచి కదలదు. జంక్షన్‌లో ఒక బట్టల కొట్టు మేడ మీద రెండు గదులు తీసుకున్నాం. ముందు గది కిటికీలో అతని కెమెరా, కిటికీ లేని వెనక గదిలో నా టీవీ, వీసీఆర్.

మొదటి రోజు క్యాసెట్ వేసి చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. రోడ్డు కనిపించాల్సిన చోట మొహాలు. అరటిపళ్లావిడ మొహం, హైస్కూలు మాస్టారి మొహం, బస్సు దిగి జడ సర్దుకుంటున్న అమ్మాయి మొహం. ఇదేం పనయ్యా అని కేకలేస్తే అతను తెల్లబోయాడు.

"మొగాలు పడకపోతే క్యాసెట్టు ఎవులు సూస్తారండి?" అన్నాడు.

అది అతని తప్పు కూడా కాదు. పెళ్లిలో ఏ మేనత్త మొహం పడకపోయినా తగువే. తెలిసినవాళ్లు కనిపిస్తే దగ్గరగా తియ్యాలన్నది అతని వృత్తి మర్యాద. నాకు తలలు చాలు, మొహాలు వద్దని రోజంతా పోరాను. బుద్ధిగా తలూపేవాడు. ఎవరైనా తెలిసినవాళ్లు కనిపించారా, చెయ్యి మళ్లీ జూమ్ మీదికి పోయేది. అది చాలదన్నట్టు టీ కొట్టు దగ్గర ఎవరెవరు పడ్డారో కథలు చెప్పి వచ్చేవాడు. రెండు రోజుల్లో ఊరంతా పాకిపోయింది, మేడ మీద కెమెరాలో అందరూ దొరికిపోతున్నారని. ఎవడు ఎవరి బండెక్కాడో చూపించమని వేళాకోళానికి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. కసిరి పంపించేశాను.

తర్వాత ఒక రోజు సాయంత్రం కావస్తుండగా సన్యాసిరావు వచ్చాడు. రోలుగుంట దగ్గర ఊరు, చెరుకు రైతు. చెప్పులు బయటే విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జేబులోంచి పెళ్లి ఫొటో తీసి నా ముందు పెట్టాడు.

"మా ఇంటిదండి, నూకరత్నం. బుర్ర సరిగా నేదు, ఇల్లొదిలి ఎల్లిపోనాది. ఈ ఊల్లోనే ఉందని తెలిసింది. మీ క్యాసెట్టు ఒక్కపాలి ఎయ్యండమ్మా, సూసుకుంటాను" అన్నాడు.

ఫొటో చూడగానే గుర్తుపట్టాను, అప్పలరాజు జూమ్ చేసిన మొహాల్లో అదొకటి. ఆ మనిషి నాకు తెలుసు. పేరు తెలియదు, నడక తెలుసు. రోజూ సాయంత్రం దర్జీ కొట్ల వైపు నుంచి వచ్చి మా గీత దాటేది. రోడ్డు దాటేవాళ్లందరూ బస్సుల్ని చూస్తారు, ఈవిడ మనుషుల్ని చూసేది. నలుగురు ఆడవాళ్లు పోగయ్యేదాకా ఆగి, కొంగు తల మీదికి లాక్కుని, వాళ్ల మధ్యలో దూరి దాటేది. బుర్ర సరిగా లేని మనిషి నడక కాదది. భయపడ్డ మనిషి నడక.

లేదండీ, ఇలాంటివి చూపించకూడదు అని నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి అప్పలరాజు తల దూర్చాడు. పెళ్లికూతుళ్ల మొహాలు అతను మర్చిపోడు.

"ఈయమ్మ పెళ్లి నానే తీసేను కదండీ! రోజూ సాయంత్రం మన కెమెరాలో పడతంది" అన్నాడు.

చంపేద్దామన్నంత కోపం వచ్చింది. సన్యాసిరావు నన్ను పట్టించుకోవడం మానేసి కిటికీ వైపు చూశాడు. అతనికి ఇక క్యాసెట్‌తో పని లేదు. కిటికీ దగ్గర కూర్చుంటే చాలు, ఆవిడే వస్తుంది. ఇక్కడ కూర్చోకూడదు, ఆఫీసు సామాను ఉంది అన్నాను. పరవాలేదమ్మా, ఒక మూల కూర్చుంటానన్నాడు. గొంతు పెంచలేదు. దొరికాక ఏం చేస్తారని అడిగాను.

"దొరికితే సాలమ్మా. ఇంక దానికి నడిసే పనుండదు" అన్నాడు, అంతే మెత్తగా.

అతను వచ్చింది ఆవిణ్ని ఇంటికి తీసుకెళ్లడానికి కాదు. అప్పలరాజుకీ అప్పుడు అర్థమైంది, తను ఏం చేశాడో. కొట్లలో పనివాళ్లు దిగే వేళ దగ్గర పడుతోంది. అరిచి గోల చేస్తే మొగుడు పెళ్లాన్ని వెతుక్కుంటున్నాడు, మధ్యలో నీకేంటి అంటారు జనం. పోలీసుల దగ్గరికి పరిగెత్తినా వాళ్లూ అదే అంటారేమోనని భయం. ఈలోపు ఆవిడ రోడ్డు మీదికి వచ్చేస్తుంది.

అందుకని మాట మార్చాను. సరే బాబూ, మీ బాధ నాకు అర్థమైంది, రండి చూపిస్తాను అని వెనక గదిలోకి తీసుకెళ్లాను. బలిఘట్టం రోడ్డు వైపు తీసిన క్యాసెట్ వేశాను. అటు ఆవిడ ఎప్పుడూ నడవలేదు. జనం మధ్యలో ఉంటుంది, రెప్ప వెయ్యకుండా చూడండి అని చెప్పి టీవీ ముందు కూర్చోబెట్టాను. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చోమని అప్పలరాజుకి సైగ చేశాను. జీవితంలో మొదటిసారి అతను నోరు మూసుకుని చెప్పింది చేశాడు.

మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. అవతలి వైపు మందుల కొట్టు ముందు ఆడవాళ్ల గుంపులో ఆవిడ అప్పుడే ఆగి ఉంది, చేతిలో టిఫిన్ క్యారియర్. వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. మీ ఆయన ఆ మేడ మీద ఉన్నాడు, వెనక్కి తిరక్కుండా నాతో రండి అన్నాను. నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుని నడిచింది. సందుల్లోంచి చర్చి వీధిలోకి, మా ఇంట్లోకి తీసుకెళ్లి తలుపు గడియ పెట్టాను.

అమ్మ మంచినీళ్లిచ్చింది. అవి తాగాక అప్పుడు అడిగింది నూకరత్నం, మీకు నేనెలా తెలుసని. కెమెరా సంగతి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, దండం పెడుతుందని కూడా అనుకున్నానేమో. ఆవిడ లేచి నిలబడింది.

"మీరు మేడ మీద కూకుని నన్ను తీసేరా? ఎవులికీ మొగం సూపించకుండా బతుకుతన్నాను నాను. తీసీముందు నన్నడిగేరా?"

నేను ఏదో రోడ్డు గురించి, ఫుట్‌పాత్ గురించి గొణిగాను. నా మాటలు నాకే సిగ్గనిపించి ఆపేశాను.

నేను తిరిగి మేడ ఎక్కేసరికి సన్యాసిరావు ఇంకా టీవీకి అతుక్కునే ఉన్నాడు. ఇందులో నేదండి అన్నాడు నిరాశగా. ఉన్నది అంతేనన్నాను. మరో రెండు రోజులు జంక్షన్‌లో కాపు కాసి, తర్వాత కనిపించలేదు. నూకరత్నం మాత్రం ఆ సాయంత్రమే ఊరు వదిలింది. అమ్మ కబురు పెడితే మా వీధి చర్చి పాస్టరమ్మగారు వచ్చి, జీపులో తన బంధువుల ఊరు తీసుకెళ్లారు. దర్జీ కొట్లో ఆవిడ సగం కుట్టిన జాకెట్టు మిషన్ మీద అలాగే ఉండిపోయిందట. కాస్త నిలదొక్కుకున్న చోటు, మా వల్ల పోయింది. ఏ ఊరో అమ్మకి తెలుసు. చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆవిడ పడ్డ క్యాసెట్లన్నీ అప్పలరాజే లెన్సుకి మూత పెట్టి, వాటి మీద చీకటి రికార్డు చేసి చెరిపేశాడు. సర్వే మళ్లీ మొదటినుంచి చెయ్యాల్సొచ్చింది. ఆఫీసులో తల వాచేలా చీవాట్లు తిన్నాను. కారణం చెబితే, ఊరి గొడవలు మనకెందుకన్నారు.

అప్పట్నుంచి ఏ ఊళ్లో కెమెరా పెట్టినా మొహాలు ఆనవాలు పట్టలేనంత ఎత్తులో, దూరంగా పెట్టించాను. కింద స్తంభానికి బోర్డు కట్టించాను, ఇక్కడ నడిచేవాళ్లని కెమెరా తీస్తోంది అని పెద్ద అక్షరాలతో. అది చూస్తే జనం దారి మార్చుకుంటారు, లెక్క తప్పుతుంది అని పైవాళ్లు కసిరారు. తప్పితే తప్పనీ అన్నాను.

కొన్నేళ్ల తర్వాత వేరే ఊళ్లో ఒకావిడ ఆ బోర్డు చదివి, ఆగి, మా మేడ వైపు ఒకసారి చూసి పక్క సందులోకి మళ్లిపోయింది. పక్కనే ఉన్న అసిస్టెంటు సరోజిని, "మేడమ్, దాటడానికే వచ్చింది కదా, ఆవిణ్ని కూడా లెక్కలో కలపనా?" అని అడిగింది.

"వద్దు. కలపొద్దని చెప్పే కదా వెళ్లింది" అన్నాను.