అప్పల్సామి వంశం

కంగారూల దేశంలోని పెండిల్ హిల్‌లో కొత్తవాళ్లు ఎవరు కలిసినా, ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ చంద్రావతి ముందు చెప్పే మాట ఒకటే: "నేను అప్పల్సామిగారి మనవరాలిని." విశాఖపట్నం వైపు నుంచి ఫిజీ చెరకు తోటలకు ఓడెక్కిన ఆ అప్పల్సామి ఎవరో ఇక్కడ ఎవరికీ తెలీదు. అయినా ఆవిడ చెప్పే తీరుకు ఎదుటివాళ్లు తల ఊపి తీరాల్సిందే.

రెండువేల సంవత్సరంలో ఆవిడ కొడుకు శివనేష్, కోడలు ప్రియంక జపాన్ పిల్లను దత్తత తెచ్చుకోబోతున్నారు. వైటుకే కంప్యూటర్ల పని మీద యోకొహామాలో ఉన్న రెండేళ్లూ ఆదివారం ఆదివారం అనాథాశ్రమానికి వెళ్లి ఆడించిన పిల్ల. పేరు మియు, మూడేళ్లది. పరాయివాళ్లకు ఇవ్వడానికి అక్కడున్న పిల్ల తాత ఏడాది నానబెట్టి సంతకం చేశాడు. ఇక ఇక్కడి దత్తతల ఆఫీసరమ్మ ఇల్లు చూసి రాసే రిపోర్టే మిగిలింది. అది తేడాగా వస్తే పాప రాదు.

ఆఫీసరమ్మ వచ్చిన రోజు ఇంటి గురించి మంచి మాట చెప్తుందని పక్కవీధి శేషుకుమారిని పిలిచారు. మొగుడి కంప్యూటర్ ఉద్యోగంతో నిరుడే గుంటూరు నుంచి దిగిన మనిషి. టీ తాగుతూ తెలుగులో గొణిగింది.

"ఏ రక్తమో ఏమో ఆంటీ! రేపెవరైనా గోత్రం అడిగితే ఏం చెప్తారండీ?"

"ఆమె ఏమంటున్నారు?" ఆఫీసరమ్మ పెన్ను ఎత్తి అడిగింది.

ప్రియంక మొహం పాలిపోయింది. చంద్రావతి కప్పు కింద పెట్టింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి దాచుకున్న మాట ఒకటుంది. అది బయటపెడితే ఇన్నాళ్ల గొప్పా గాలికి పోతుంది.

"ప్రియంకా, ఇంగ్లీషులో చెప్పు. ఒక్క ముక్క మింగినా ఊరుకోను. మా అమ్మ అప్పల్సామి కన్న కూతురు కాదు. ఓడలో తల్లి చచ్చిపోయిన నాలుగేళ్ల పిల్ల. ఏ భాషలో ఏడుస్తందో కూడా తాతకి తెలీదు. ఫిజీ రేవు సువాలో దిగినప్పుడు 'ఎవరి పిల్ల?' అనడిగితే 'నాదే' అన్నాడు. రక్తం లెక్క చూస్తే ఏటమ్మా శేషూ, ఈ ఇంట్లోంచి ముందు నేనే సంచి సర్దుకోవాల."

శేషుకుమారి బిస్కెట్ టీలో మునిగిపోయింది. ఆఫీసరమ్మ రాస్తూనే ఉంది, పేజీ తిప్పి మరీ.

మూడు నెలలకు మియు వచ్చింది. వచ్చీ రాగానే చేపల పులుసు గిన్నె పక్కకు తోసేసి, ఉత్త అన్నం తిని, మూతి బిగించుకుని కూర్చుంది.

"నా పులుసునే వద్దంది, చూశావా మొండితనం!" చంద్రావతి పాపను చూడ్డానికొచ్చిన శేషుకుమారి వైపు తిరిగింది. "అచ్చం అప్పల్సామి వంశమే."