నా మొహం అమ్మగారికి చూపించిన దేవుడు

సహోదరులారా, దొంగ అనే పేరు మోస్తూ నేను తల దించుకుని తిరిగిన రోజుల గురించి చెబుతున్నాను, కోపంగానే చెబుతున్నాను, ఈ కోపాన్ని ప్రభువు ఇంకా తీసివేయలేదు, తీసివేయమని నేనూ అడగలేదు.

పెళ్లయి వచ్చిన నాటి నుంచి కొత్తపేట దగ్గర ఒక కామందుగారి కొబ్బరితోటలో కాయలు పోగేసి మోసేదాన్ని. వాళ్ల గేదెలన్నిటికీ పేర్లున్నాయి, మాకు మాత్రం లేవు. ప్రతి క్రిస్మస్‌కూ అమ్మగారు పనికొచ్చే ఆడవాళ్లందరికీ ఒకే రకం చీరలు పెట్టేవారు. ఆ యేడు ఆకుపచ్చవి పెట్టారు. తర్వాత ఒకరోజు ఆమె గొలుసు కనబడలేదు, పెరట్లో ఆకుపచ్చ చీర కట్టిన మనిషి కనబడిందట, అంతే, "ఇదేనండీ" అని అమ్మగారు కామందుగారికి నన్ను చూపించారు. నా చుట్టూ ఉన్నవాళ్లందరూ ఆకుపచ్చ చీరల్లోనే ఉన్నారు. నేను కాదని మొత్తుకుంటే కామందుగారు నవ్వేసి, "మీ మొహాలన్నీ ఒకేలాగుంటాయి, చీర బట్టే కదే గుర్తు" అన్నారు.

పని పోయింది. బడిలో మా అమ్మాయిని దొంగదాని కూతురన్నారని తెలిసిన రోజున కాలువలో దూకేద్దామని వెళ్లి, గట్టు మీద కూలబడి దేవుడితో దెబ్బలాడాను. "తండ్రీ, ఈ మొహం చేసింది నువ్వు కాదా? వాళ్లకు కళ్లిచ్చింది నువ్వు కాదా? మరెందుకు చూడరు?" దెబ్బలాడి ఇంటికి తిరిగొచ్చాను. నన్ను వెనక్కి నడిపించింది ఆయనే, అయినా ఆ రోజు నుంచి మంచం పట్టాను.

కొన్నాళ్లకు ఆ గొలుసు వాళ్ల దుప్పటి మడతల్లోనే దొరికింది. అమ్మగారు మా పేటకు, మా ఇంటికే వచ్చి, మా తోడికోడలు రత్నం చేతులు పట్టుకుని, "పొరపాటైపోయిందమ్మా, మనసులో పెట్టుకోకు, పనిలోకి వచ్చెయ్" అన్నారు.

రత్నం నాకన్నా జానెడు పొడుగు.

"నేను కాదండీ, మా అక్కండీ" అంది రత్నం.

నా ఒళ్లు మండిపోయింది. మంచం మీంచి లేచి ఎదురుగా నిలబడ్డాను. "మీరు దొంగన్నది నన్నండీ. తల దించుకోకండి, సరిగ్గా చూడండి." చూసేరు. చాలాసేపు చూసేరు. ఏడ్చేరు కూడా, ఆ ఏడుపు నాకక్కర్లేదు, నేను మళ్లీ ఆ తోటకు వెళ్లలేదు.

అమ్మా, అయ్యా, మీ మొహం చూడకుండా మీతో పని చేయించుకునేవాళ్లు ఉంటే, మిమ్మల్ని ఎరిగిన దేవుణ్ణి నమ్మండి, నమ్మి ఎదురుగా నిలబడండి, లేవలేని నన్ను లేపి నిలబెట్టిన ఆయనకే మహిమ.

వెళ్లబోతూ అమ్మగారు గుమ్మంలో ఆగి, ఇన్నేళ్లకు మొదటిసారి, "నీ పేరేంటమ్మా?" అని అడిగేరు.

"మరియమ్మండీ" అని చెప్పి, ఆమె నోట కూడా పలికించాకే పంపించాను.