పేపర్ మేడం

మా బళ్ళో టీచర్లు రెండు రకాలు. పాఠాలు చెప్పేవాళ్ళు ఒక రకం, పేపర్ మీద ఉండేవాళ్ళు ఇంకో రకం. పాఠాలు చెప్పేవాళ్ళకు బి.ఎడ్. ఉండదు. పేపర్ మీద ఉండేవాళ్ళకు తొమ్మిదో తరగతి గది ఏ పక్క ఉందో తెలియదు. మార్కాపురంలో ఇది దాపరికం లేని సంగతే. తనిఖీకి వచ్చే ఆఫీసర్లకు కూడా తెలుసు. వాళ్ళకు కావాల్సింది రిజిస్టరు సరిగ్గా ఉండడం, అంతే.

నేను పాఠాలు చెప్పే రకం. పదమూడేళ్ళు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పినాను. అందులో సగానికి పైగా ఏళ్ళు ఏ రిజిస్టర్లోనూ నా పేరు లేదు. లెక్కలు అని రాసిన గడి ముందు ఉండేది ఇంకొకామె పేరు. బడి నడిపే కరస్పాండెంట్ గారి మేనకోడలు, హైదరాబాదులో కాపురం. మేమంతా పేపర్ మేడం అనేవాళ్ళం. మనిషి చెడ్డదేం కాదు. తనిఖీ రోజు కారు దిగి వచ్చి నా కుర్చీలో కూర్చుంటా, మీకేం ఇబ్బంది లేదుగా అండీ అని అడిగేది. ఆ రోజు నన్ను ఒక ఏడు ఆఫీసు గుమాస్తా అన్నారు, ఒక ఏడు ఆయా అన్నారు. ఆయానైన ఏడు ఆఫీసర్ గారికి టీ ఇచ్చింది నేనే. చక్కెర చాల్లేదన్నాడాయన.

ఇంకో ముచ్చట కూడా చెప్పాల. తనిఖీకి ముందు రోజు పిల్లలకు ట్రైనింగు ఇచ్చేది కూడా నేనే. మీ లెక్కల మేడం ఎవరు అని అడిగితే ఫలానా పేరు చెప్పండి అని నా నోటితోనే వాళ్ళ చేత వల్లె వేయించినాను. ఎక్కాలు నేర్పినట్టు నేర్పినాను. సిగ్గు లేదా అంటే, ఉండె. కానీ ఇంట్లో ఉన్న నోరు బళ్ళో ఉండేది కాదు నాకు.

అట్లాంటి బళ్ళో ఎందుకు చేరినావమ్మా అని అడుగుతారు కొందరు. నేను చేరినప్పుడు అది అట్లాంటి బడి కాదు. ఊళ్ళో ఐదుగురు పెద్దమనుషులు కలిసి పెట్టినారు. పలకల ఫ్యాక్టరీ ఆయన ఒకరు, బట్టల దుకాణం ఆయన ఒకరు, ఒక డాక్టరు, ఒక లాయరు, రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన. నెలకొకసారి కమిటీ కూర్చునేది. అరుచుకునేవాళ్ళు, కండువా దులుపుకొని లేచిపోయేవాళ్ళు, మళ్ళా వచ్చి కూర్చునేవాళ్ళు. ఇంత రభస దేనికయ్యా అంటే, ఏడో తరగతి పిల్లకు ఇంగ్లీషు పుస్తకం కూడబలుక్కోవడం కూడా రావట్లేదు ఎందుకని. హెడ్మాస్టరు గారైతే చెప్పాపెట్టకుండా వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాఠం వినేవారు. ఆయన్ను చూస్తే మాకు గుండె దడ.

నన్ను తీసుకున్నది కూడా ఆయనే. బి.ఎస్సీ. మార్కుల జాబితా ముందు పెడితే దాని వంక చూడలేదు. చాక్‌పీసు చేతికిచ్చి, మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుందో చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పమన్నారు. ఎందుకొస్తుందో నాకు మాత్రం ఎవరు చెప్పినారు గనక. అప్పుడు బేస్తవారిపేట దగ్గర మా నాయన చేలో బోరు గుర్తొచ్చింది. రోజుకు రెండడుగులు నీళ్ళు దిగిపోతున్నాయి సార్, అదొక మైనస్. మూడు రోజులు వెనక్కి పోదాం, అదొక మైనస్. అప్పుడు నీళ్ళు ఇప్పటికంటే ఆరడుగులు పైన ఉండె గదా, అది ప్లస్ అన్నాను. ఆయన చానాసేపు నవ్వినారు.

"రేపట్నుంచి రామ్మా. కానీ రెండేళ్ళలో బి.ఎడ్. చెయ్యాల నువ్వు. కాగితం లేకపోతే ఎప్పుడో ఒకరోజు నిన్ను లేనట్టే చేస్తారు" అన్నారు.

చెయ్యలేదు. ఆ తప్పు నాదే, ఎవరి మీదికీ తోయను. ఇద్దరు పిల్లలు, మంచాన పడిన అత్తగారు, వచ్చే ఏడు చూద్దాంలే, వచ్చే ఏడు చూద్దాంలే అని కాలం గడిచిపోయింది. ఈలోగా హెడ్మాస్టరు గారు పోయినారు. మిగిలిన పెద్దవాళ్ళకు వయసు మీద పడింది. వాళ్ళ కొడుకుల్లో బట్టల దుకాణం ఆయన కొడుక్కు తప్ప బడి ఎవరికీ పట్టలేదు. ఆ కొడుకే ఇప్పుడు కరస్పాండెంటు. కమిటీ అంటే ఇప్పుడు ఆయన, ఆయన భార్య, బామ్మర్ది, బామ్మర్ది భార్య, కారు డ్రైవరు. డ్రైవరని ఎగతాళికి అనడం లేదు, మినిట్స్ బుక్కులో అతని సంతకం నేను చూసినాను. మీటింగు అనేదే ఉండదు. ఆ బుక్కే స్కూటరెక్కి ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించుకొస్తుంది.

పాత కమిటీ పిల్లలకు ఏం వచ్చింది అని అడిగేది. కొత్త కమిటీ ఎంతమంది చేరినారు అని అడుగుతుంది. బి.ఎడ్. ఉన్నవాళ్ళను పెట్టుకుంటే జీతం ఎక్కువ అడుగుతారు, డీఎస్సీలో ఉద్యోగం వస్తే చెప్పకుండా పోతారు. అందుకని సర్టిఫికెట్లు ఒకచోట నుంచి, మనుషులను ఇంకోచోట నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టినారు. సైన్సుకు ఏడాదికొక కొత్త మొహం. సోషల్ చెప్పేవాడు నడిమధ్యలో మానేస్తే, తెలుగు ఆమె రెండూ చెప్పింది. రెండూ సగం సగం చెప్పింది, పాపం ఆమె మాత్రం ఏం చేస్తుంది. కాస్త చూపున్న తల్లిదండ్రులు పిల్లలను తీసుకుపోవడం మొదలుపెట్టినారు. రెండు సెక్షన్ల పదో తరగతి ఒక సెక్షనైంది. కరస్పాండెంట్ గారు అది చూసి కంగారుపడి ఏం చేసినారో తెలుసా, గేటు మీద ఇంకా పెద్ద ఫ్లెక్సీ కట్టించినారు.

నాకు ఒళ్ళు మండిన రోజు ఒకటుంది. ఒక ఏడు మా పదో తరగతిలో లెక్కల్లో ఒక్క పిల్ల కూడా తప్పలేదు. ఊళ్ళో బళ్ళవాళ్ళంతా కలిసి మంచి ఫలితాలు తెచ్చిన టీచర్లకు సన్మానం పెట్టినారు. మా బడి పేరు చదివి, లెక్కల మేడం వేదిక మీదికి రావాలన్నారు. నేను లేచినాను. నా మొహానికి, చీర కుచ్చిళ్ళు కూడా సర్దుకున్నాను. లేచిన తర్వాత మైకులో పేరు చదివినారు. ముందు వరుసలోంచి పేపర్ మేడం పట్టుచీరలో పైకి పోయింది. శాలువా కప్పినారు. ఇంత మంచి ఫలితం ఎట్ల వచ్చిందో చెప్పమంటే, అంతా పిల్లల కష్టమేనండీ అనింది. నా పక్కన కూర్చున్న మా పదో తరగతి పిల్ల నా చెయ్యి పట్టుకునింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ చెయ్యి పట్టుకోవడంతో ఆగలేదు.

ఇంటికొచ్చి చెప్పుకుంటే, మా ఆయన అన్నం కలుపుకుంటా, అయితే ఆ బి.ఎడ్. ఏదో చెయ్యరాదూ అన్నాడు. ఉప్పు అందుకో అన్నంత తేలిగ్గా అన్నాడు. కసిరినాను. కానీ వారం తిరక్కుండా ఫారం తెచ్చి చేతిలో పెట్టింది కూడా ఆయనే.

నలభై దగ్గరపడినాక బి.ఎడ్.లో చేరినాను. గిద్దలూరు దారిలో కాలేజీ. మొదటి రోజు బళ్ళో సెలవు పెట్టి, కారియర్ కట్టుకుని, కొత్త నోటుబుక్కు కొనుక్కుని బస్సెక్కినాను. గేటు దగ్గర అటెండరు, ఎవరు కావాలమ్మా అన్నాడు. క్లాసుకొచ్చినాను అంటే ముక్కు మీద వేలేసుకున్నాడు. పరీక్షలకు రావాల గానీ క్లాసులకు ఎందుకొచ్చినావమ్మా, ఎండలో పడి అని నా మీదే జాలిపడినాడు. లోపల గోడ మీద లెక్చరర్ల పేర్లు మాత్రం వరసగా, పేరు పక్కన పెద్ద పెద్ద డిగ్రీలతో బ్రహ్మాండంగా రాసి ఉన్నాయి. రెండేళ్ళలో వాళ్ళలో ఒక్కరి మొహం చూసి ఉంటే ఒట్టు. పాఠం చెప్పడం ఎట్లనో నేర్పే చోట కూడా పేపర్ సార్లే. ఆ రోజు మెట్ల మీద కూర్చుని కారియర్ తినేసి తిరుగు బస్సెక్కినాను. పుస్తకాలు నేనే తెప్పించుకుని చదువుకున్నాను. నిజం చెప్పాలంటే బాగున్నాయి. పిల్ల తప్పు చేసినప్పుడు ఆ తప్పు ఎట్ల వచ్చిందో వెతకాలని ఒకచోట రాసి ఉండె. అది ముందే చదివి ఉంటే కొందరు పిల్లలను అంత తిట్టి ఉండేదాన్ని కాదు.

బి.ఎడ్. అయింది, టెట్ కూడా గట్టెక్కినాను. ఒరిజినల్సు తీసుకుపోయి కరస్పాండెంట్ గారి టేబుల్ మీద పెట్టినాను. జీతం పెంచమని అడగలేదు. లెక్కలు అన్న గడి ముందు నా పేరు రాయండి సార్ అని ఒక్కటే అడిగినాను. ఆయన ఎంత సంతోషపడినారని! మన స్టాఫ్‌లో ఒక క్వాలిఫైడ్ టీచర్ తయారైనారని అందరికీ మైసూర్‌పాక్ పంచిపెట్టించి, సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. ఆ నెలంతా నేను నేల మీద నడవలేదు.

రెండు నెలలైనా రిజిస్టర్లో పేరు మారలేదు. పోయి అడిగితే అప్పుడు చెప్పినారు. ఇక్కడ లెక్కల పోస్టు నిండి ఉందట. యర్రగొండపాలెంలో కొత్తగా పెట్టిన బ్రాంచికి గుర్తింపు రావాలంటే లెక్కల టీచర్ కావాల్సి వచ్చిందట. నా పేరు అక్కడ ఎక్కించినారట. ఆన్‌లైన్‌లో ఒక మనిషి పేరు ఒక బళ్ళోనే ఎక్కుతుందట.

"నేను పాఠం చెప్పేది ఇక్కడ గదా సార్" అన్నాను.

"చెప్పండమ్మా. మిమ్మల్ని వద్దన్నది ఎవరు?" అన్నారాయన.

నిండి ఉందట! ఆ గడిలో ఉన్న మనిషికి పిల్లల్లో ఒక్కరి పేరు కూడా తెలియదు, అయినా అది నిండి ఉంది. సర్టిఫికెట్లు ఇచ్చెయ్యండి అంటే, గుర్తింపు వచ్చినాక తీసుకుందురు, ఎక్కడికి పోతాయి అన్నారు. నా చిన్న కూతురు అదే బళ్ళో తొమ్మిదో తరగతి. నా కాగితాలు ఆయన బీరువాలో. మళ్ళా నోరు మూసుకుని క్లాసుకు పోయినాను.

యర్రగొండపాలెంలో తనిఖీ రోజు నాకోసం కారొచ్చింది. నడిపింది కమిటీ సభ్యుడే. నేను ఎప్పుడు చేరినానో, నా క్లాసులో పిల్లలెంతమందో దారిలో అతనే నాకు చెప్పి, రెండుసార్లు తిరిగి అప్పజెప్పించుకున్నాడు. తొమ్మిదో తరగతి గదిలోకి పోతే బోర్డు మీద త్రిభుజం గీసి ఉంది. మూడు కోణాలకు మూడు రంగుల చాక్‌పీసులు. పాఠం మీద ప్రేమ ఉన్నవాళ్ళ గీత అది, చూస్తూనే తెలుస్తుంది. ఇక్కడ లెక్కలు చెప్పేది ఎవరు అని ఇన్‌ఛార్జిని అడిగితే, గడ్డంతో వెనక బెంచీ వైపు చూపించినాడు.

రెండు జడలు, రిబ్బన్లు, యూనిఫాం వేసుకుని ఒకమ్మాయి పిల్లల మధ్యలో కూర్చోనుంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. సన్నగా ఉంది కాబట్టి పిల్లల్లో కలిసిపోయింది. బి.ఎడ్. లేదు, టీచర్‌గా చూపించలేరు. పిల్లల తలకాయలు తక్కువైనాయి, పిల్లగా చూపించినారు. నన్ను ఆయాను చేసినవాళ్ళు ఈ పిల్లను ఏకంగా తొమ్మిదో తరగతికి దించినారు.

ఆఫీసర్ గారు వచ్చి రిజిస్టరు తెరిచినారు. నా పేరు ఉంది. లెక్కలు అన్న గడి ముందు, గుండ్రటి అక్షరాలతో. దానికోసమే గదా ఇన్నాళ్ళూ కొట్టుకున్నాను. ఎన్నాళ్ళ నుంచి చెప్తున్నారమ్మా అని అడిగితే, ఏడాది నుంచి సార్ అన్నాను. కార్లో డ్రైవరు అప్పజెప్పించిన మాటే అది.

ఆయన పిల్లల వైపు తిరిగి, త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే నూటఎనభై డిగ్రీలు ఎందుకవుతుందో ఎవరు చెప్తారు అన్నారు. పిల్లలు బిగుసుకుపోయినారు. ఆయన చూపు తిరిగి తిరిగి వెనక బెంచీ మీద ఆగింది. నువ్వు రా అన్నారు. ఆ అమ్మాయి లేచి ఒక్కసారి నా వైపు చూసింది. ముందుకొచ్చి, నోటుబుక్కులోంచి కాగితం చించి త్రిభుజం కత్తిరించింది. మూడు మూలలూ చించి టేబుల్ మీద పక్కపక్కన పెట్టింది. మూడూ కలిసి తిన్నటి గీత మీద కూర్చున్నాయి. పిల్లలు మెడలు చాచి చూస్తున్నారు. పుస్తకంలో చెప్పినదానికంటే బాగా చెప్పింది, నేను చెప్పేదానికంటే కూడా బాగా చెప్పింది.

ఆఫీసర్ గారు లేచి నాకు చేతులు జోడించినారు.

"పిల్ల చేత ఇంత చెప్పించినారంటే, మీలాంటి టీచర్లుండాలమ్మా" అన్నారు.

ఆమె అక్కడే, నా పక్కన, రిబ్బన్లతో నిలబడి ఉంది. నేను రెండు చేతులూ జోడించి, థాంక్యూ సార్ అన్నాను.

ఆయన పోయినాక ఆ అమ్మాయి వరండాలో రిబ్బన్లు విప్పుకుంటుంటే దగ్గరికి పోయినాను. క్షమించమని ఎట్ల అడగాలో తెలియక, ఏమనుకోవద్దు తల్లీ అని మాత్రం అన్నాను. అయ్యో, ఇందులో ఏముందక్కా అని నవ్వింది. తను కూడా ఈ ఏడు బి.ఎడ్.లో చేరిందట. కాలేజీకి పోకపోయినా సర్టిఫికెట్ ఇస్తారట గదా అని నన్నే అడిగింది. అవునన్నాను.

"రెండేళ్ళు ఓర్చుకుంటే నాకూ వస్తుందక్కా. అప్పుడు నేను కూడా మీ మాదిరి కార్లో వచ్చి సంతకం పెట్టి పోతాను. రోజూ ఈ పాఠాలు చెప్పే చాకిరీ తప్పుతుంది" అనింది.

అంత బాగా చెప్పే పిల్ల. వద్దమ్మా, చెప్పడం మానొద్దు అని నోటిదాకా వచ్చింది. చెప్పడానికి నేనెవరిని? ఆ బళ్ళో లెక్కల మేడం నేనే. కారు తలుపు తీసి పట్టుకుని డ్రైవరు పిలిచినాడు, పోయి ఎక్కినాను.