ఎనభైల కారుకు అరవైల బోర్డు: కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా

ఈ ప్రయాణం నేను సరదాకి చేయలేదు. శుక్రవారం సాయంత్రం మా పెద్దమ్మ కొడుకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. సిరిసిల్లలో పాత కార్ల ప్రదర్శన జరుగుతోందట, ఆదివారం చివరి రోజట. ఫొటోలో ఎర్రగా నిగనిగలాడుతున్న స్పోర్ట్స్ కారు ఉంది. రెండే సీట్లు, పైకప్పు లేదు. పక్కన నిలబెట్టిన బోర్డు మీద ‘అరవైల నాటి స్పోర్ట్స్ కారు. ఈ ప్రాంతపు దొరవారు తమ గడిలో ముచ్చటగా వాడుకున్నది’ అని రాసి ఉంది. గడి అంటే మా వైపు దొరల కోట లాంటి ఇల్లు. ఫొటోను పెద్దది చేసి నంబరు ప్లేటు చూశాను. అది మా నంబరు. ఆ కారు మా బాపుది.

నా బ్లాగు కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం చెబుతున్నాను. మాది కోరుట్ల. మా తాత తాళ్లెక్కి కల్లు గీసేవాడు. బాపు, అంటే మా నాన్న రాజేశం, తాడెక్కలేదు; డ్రైవింగ్ నేర్చుకుని ఎనభైల మొదట్లో మస్కట్ వెళ్లాడు. అక్కడ ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర డ్రైవరుగా చేశాడు. ఆయన ఉద్యోగం ముగించుకుని సొంత దేశం వెళ్లిపోతూ తన రెండు సీట్ల కారును బాపుకు ఇచ్చేశాడు. దాచుకున్న జీతంతో బాపు దాన్ని ఓడ ఎక్కించాడు. బొంబాయి చేరాక అక్కడి నుంచి తానే నడుపుకుంటూ ఆ ఎనభైలలోనే కోరుట్ల తెచ్చాడు. అప్పుడు దాని రంగు ఆవపిండి పసుపు. చాలా ఏళ్లు నడిచాక విడిభాగాలు దొరక్క షెడ్డులో పడింది. చివరికి అమ్మేశాం. అమ్మినందుకు నాకు విచారం లేదు. కొన్నవాళ్లు ఎర్ర రంగు వేసుకుంటారో నీలం వేసుకుంటారో వాళ్ల ఇష్టం. కానీ ఆ బోర్డు చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు.

కారు కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే కామెంట్లన్నీ దాని ఇంజను గురించే వస్తాయి. ఇంతవరకు తెలిస్తే చాలు: ఆ మోడల్ ఇంగ్లండులో అరవైలలోనే పుట్టింది. మొదట్లో దానికి మెరిసే స్టీలు బంపర్లు ఉండేవి. డెబ్బైల మధ్యలో అమెరికా భద్రతా నిబంధనల కోసం వాటిని తీసేసి లావుపాటి నల్ల రబ్బరు బంపర్లు పెట్టారు. మాది నల్ల బంపర్లది, డెబ్బైల చివర తయారైనది. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు నల్ల బంపర్లంటే చిన్నచూపు. స్టీలు బంపర్లున్న అరవైల బండే అసలైనదని, తర్వాతవన్నీ పాడుచేసినవని వాళ్ల వాదన.

నేను జగిత్యాలలో ఉంటాను. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి కోరుట్లలో దిగాను. ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి నాకు ఖర్చేమీ లేదు. బాపు బస్టాండులో ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. కారు దొరికిందని, బాగుచేసి ప్రదర్శనలో పెట్టారని మాత్రమే ఫోనులో చెప్పాను. బోర్డు సంగతి చెప్పలేదు. చెబితే రాడని భయం. ఆయన పక్కన లేకుండా అక్కడ నేనొక్కదాన్నే గొడవపడితే ఎవరు నమ్ముతారు?

కోరుట్ల నుంచి సిరిసిల్లకు రెండు దారులున్నాయి. జగిత్యాల మీదుగా వెళ్తే బస్సులు ఎక్కువ. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ వెళ్లే దారి చిన్నది కానీ బస్సులు తక్కువ. మేము రెండోది పట్టుకున్నాం. వేములవాడకు దాదాపు రెండు గంటలు పట్టింది, బాపు టికెట్ వంద లోపే. ఇవి పసుపు ఉడకబెట్టే రోజులు. కోరుట్ల దాటేదాకా బస్సులోకి ఆ వాసన వస్తూనే ఉంది. రుద్రంగి గుట్టలు వచ్చాక ఎండ ఎక్కింది. బాపు దారంతా హుషారుగా మాట్లాడాడు. ఏ మలుపులో కారు ఆగిపోయింది, ఎవరు తోశారు, మల్లాపూర్‌లో ఊరేగింపుకు ఎక్కిన ఒక పెళ్లికొడుకు కారు దిగనని ఎలా మొండికేశాడు, అన్నీ చెబుతున్నాడు. ఆయన నవ్వుతున్న కొద్దీ నాకు లోపల మండింది.

వేములవాడలో చాయ్ తాగి సిరిసిల్లకు ఆటో మాట్లాడుకున్నాం. బస్సు కూడా ఉంటుంది, కానీ గుడికి వచ్చిన జనంతో కిక్కిరిసి ఉంది. ఆటో డ్రైవరు అద్దంలోంచి బాపును చూసి, పాత కార్లు చూడ్డానికి ఇంత దూరం వస్తున్నారా అని అడిగాడు. తన కారే చూడ్డానికి పోతున్నానని బాపు చెప్పాడు. మస్కట్ మాట వినగానే ఆటో డ్రైవరు తాను దుబాయిలో ఎనిమిదేళ్లు పనిచేసి వచ్చానన్నాడు. దిగేటప్పుడు బాపు చేయి పట్టుకుని, “మేము అత్తరు సీసలు, కంబళ్లు తెచ్చినం కాకా. నువ్వు కారే తెచ్చినవ్” అన్నాడు.

ప్రదర్శన సిద్దిపేట రోడ్డు వైపు ఒక ఫంక్షన్ హాలు మైదానంలో పెట్టారు. మనిషికి యాభై రూపాయల టికెట్. లోపల షామియానాల కింద దశాబ్దాల వారీగా కార్లను వరుసగా నిలబెట్టారు. అరవైల వరుసలో మూడోది మాది.

బాపు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద చెయ్యి పెట్టాడు. రంగు బాగా వేశారన్నాడు. వంగి ముందు భాగం చూసి, నల్ల బంపర్లు ఏమయ్యాయని నన్ను అడిగాడు. నేను జవాబు చెప్పేలోపు ఆయన బోర్డు దగ్గరికి వెళ్లాడు. అద్దాలు పెట్టుకుని మెల్లగా చదివాడు. ఒకసారి చదివి మళ్లీ మొదటి నుంచి చదివాడు. అప్పటిదాకా ఆయన మొహంలో ఉన్న వెలుగంతా పోయింది. దారిలో చెప్పి ఉండాల్సిందని అప్పుడు అర్థమైంది.

కారు ఇప్పటి యజమాని పేరు సుధీర్. ముస్తాబాద్ వైపు మనిషి, హైదరాబాదులో వ్యాపారం చేస్తాడు. మేమెవరమో చెప్పగానే నిజంగా సంతోషపడ్డాడు. నీళ్ల సీసాలు తెప్పించాడు. బాపుతో సెల్ఫీ దిగుతానన్నాడు. ఆ మర్యాద నా కోపాన్ని ఇంకా పెంచింది. ఈ దొర ఎక్కడి నుంచి వచ్చాడని అడిగాను. కారు తన దాకా వచ్చేసరికి మూడు చేతులు మారిందని, పాత సంగతులు ఎవరూ చెప్పలేదని అన్నాడు. మరి ఎలా రాశావని అడిగితే, ఏ తడబాటూ లేకుండా, “మోడల్ అరవైలది కదక్కా. గప్పట్ల గీ తావుల గిసొంటి కారు దొరలకు గాక ఇంకెవరికుంటది?” అన్నాడు.

అంటే అతను అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఊహించాడు. ఆ ఊహలో మేము లేము, ఉండే వీలు కూడా లేదు.

నేను గొంతు పెంచాను. స్టీరింగు ఎడమవైపు ఉంది చూడమన్నాను. అది మస్కట్‌లో నడిచి ఎనభైలలో ఇక్కడికి వచ్చిన బండి. మన రోడ్ల మీద ఆ స్టీరింగుతో లారీని దాటాలంటే ఎదురుగా ఏం వస్తోందో నడిపేవాడికి కనబడదు, కుడి సీటులో ఉన్నవాళ్లే చూసి చెప్పాలి. చిన్నప్పుడు ఆ పని నాది. ‘ఆగు బాపు’, ‘పో బాపు’ అని అరుస్తూ జగిత్యాల దాకా వెళ్లేదాన్ని. దొర అమెరికా నుంచి తెప్పించుకున్నాడేమో అనుకున్నానని సుధీర్ అన్నాడు. అరవైల విభాగంలో పోటీ కోసమే స్టీలు బంపర్లు వేయించానని, నేనన్నట్టు ఎనభైల వరుసలో పెడితే ఎవరూ ఆగి చూడరని కూడా చెప్పాడు. చివరికి, గొడవ ఎందుకని, బోర్డు కింద ‘డ్రైవర్: రాజేశం’ అని ఒక లైను కలుపుతానన్నాడు.

బాపు అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. సుధీర్‌కు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“డ్రైవర్ అంటె నాకేం తక్కువ కాదు, నేను డ్రైవర్‌నే. కని ఎవలకు డ్రైవర్‌ను?” అన్నాడు. గొంతు పెంచలేదు. “అరవైలల్ల మా అయ్య గడి ముంగటికెల్లి పోవాలంటె చెప్పులిడిసి చేతుల వట్టుకొని పోయెటోడు. గడికి దినాం కల్లు ఉత్తగనే పోసెటోడు. చిన్నప్పుడు నేను సుత ఎంబడి పోయిన, నాకెరికే. మస్కట్‌కెల్లి కారు తెచ్చినంక మొదలు మా అయ్యను పక్కకు కూసోవెట్టుకొని గదే గడి ముంగటికెల్లి తీస్కపోయిన. అయ్యకు బుగులైంది. కార్ల కూసొనే చెప్పులు ఇడుస్తుండు. నేను ఇడువనియ్యలె. గా కారు గిది. గిప్పుడు నువ్వు దొరది అని రాస్తివి.”

తాతను ఆ కారులో ఎక్కించిన సంగతి నాకు తెలుసు. చెప్పుల సంగతి తెలియదు. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు.

సుధీర్ తల దించుకుని, నిర్వాహకులతో మాట్లాడతానని వెళ్లిపోయాడు. చాలాసేపు రాలేదు. బాపు షామియానా చివర నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బోర్డుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్లు ఫొటో తీసుకుంటూ పక్కకు జరగమంటే, ఇది దొర కారు కాదు, తనదని, ఎక్కడి నుంచి ఎలా తెచ్చాడో చెప్పడం మొదలుపెట్టాడు. కొందరు విసుక్కుని పక్క కారుకు పోయారు. కొందరు నిలబడి విన్నారు. కోనరావుపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన మొత్తం విని, తానూ ఒక కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. ఆయన ఈ కారును ఎప్పుడూ చూడలేదట. గడి ముందు చెప్పులు విడవడం మాత్రం ఆయన ఇంట్లోనూ ఉందట. తర్వాత గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్లు ఇంకొందరు చేరారు. ఏ కంపెనీ, ఏ క్యాంపు, ఎవరు ముందొచ్చారు అని ముచ్చట్లు పడ్డాయి. నేను తెచ్చిన సర్వపిండి అక్కడే పంచాను. బాపు తినలేదు.

మధ్యాహ్నం తర్వాత బహుమతులు ప్రకటించారు. అరవైల విభాగంలో రెండో బహుమతి మా కారుకే. మైకులో ఒకాయన చేతిలోని కాగితం చూసి ‘దొరవారు ముచ్చటగా వాడుకున్న’ అని మళ్లీ చదివాడు. బాపు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేను ఇంక ఆగలేకపోయాను. స్టేజీ దగ్గరికి వెళ్లి అది తప్పని, సరిచేయమని అడిగాను. కార్యక్రమం మధ్యలో మాట్లాడకూడదని, రాసి ఇస్తే తర్వాత చూస్తామని అన్నారు. ఇప్పుడే చెప్పాలన్నాను. కావాలంటే నన్ను మోసుకెళ్లి బయట పడేయండని కూడా అన్నాను. వెనక్కి తిరిగి చూస్తే కోనరావుపేట పెద్దాయన, ఇంకొందరు వచ్చి నిలబడి ఉన్నారు. నిర్వాహకులు వాళ్లను వెనక్కి జరగమన్నారు. ఒక్కరూ కదల్లేదు.

షీల్డు అందుకుంటున్న సుధీర్ మమ్మల్ని చూశాడు. కాగితం చదివినాయన దగ్గర మైకు తీసుకున్నాడు. “బోర్డు మీద నేను తప్పు రాసిన. గీ కారు దొరది కాదు. ఎనభైలల్ల మస్కట్‌కెల్లి కోరుట్ల రాజేశం తెచ్చుకున్నడు, ఆయన సొంత కారు” అన్నాడు. ఆ తర్వాత, మోడల్ మాత్రం అరవైలదేనని గొణిగి, షీల్డు పట్టుకుని దిగిపోయాడు. చప్పట్లు పెద్దగా పడలేదు. షామియానాకు తిరిగి వచ్చాక బోర్డును తానే తీసి తలకిందులుగా గోడకు ఆనించాడు. కొత్త బోర్డు రాయిస్తానని మాట ఇచ్చాడు. రాయిస్తాడో లేదో నాకు తెలియదు. షీల్డు సంగతి ఏమిటని నేను మళ్లీ మొదలుపెట్టబోతే బాపు ఆపాడు. “దాన్ని ఉంచుకోనియ్ బిడ్డా. కని గా నల్ల బంపర్లు యాడ పడేసిండో అడుగు” అన్నాడు. అడిగాను. తుక్కులో వేశాడట.

తిరుగు ప్రయాణంలో వేములవాడ నుంచి జగిత్యాల బస్సెక్కాం. ఆ రాత్రికి బాపును మా ఇంటికే తీసుకెళ్లాను. ఆయన దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను మాత్రం ఉడికిపోతూనే ఉన్నాను, ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా. మోడల్ పుట్టిన దశాబ్దమే దాని దశాబ్దం అనేవాళ్లతో ఇంగ్లండులో నేను వాదించను. అక్కడ అది అరవైలదే కావచ్చు. ఈ బండి ఫ్యాక్టరీ దాటింది డెబ్బైలలోనే కావచ్చు. నన్ను మండిస్తున్నది సుధీర్ తప్పు కాదు, అతని మాటలోని నిజం. అరవైలలో ఇక్కడ అలాంటి కారు దొరలకు తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు. కాబట్టి దాన్ని అరవైలకు తోసిన ప్రతిసారీ అది మా బాపు చేతుల్లోంచి జారి గడిలోకే పోతుంది. ఇది ఎనభైల కారు. ఒక మనిషి ఎడారిలో ఎండకు మాడి సంపాదించుకుని, తన తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపిన కారు. ఆ దశాబ్దాన్ని ఎవరూ ఆగి చూడరంటే అది చూసేవాళ్ల లోపం.

ఇలాంటి ప్రదర్శనలకు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. కార్ల యజమానులు పొద్దుట పూటే తమ బండి దగ్గర ఉంటారు, మధ్యాహ్నమైతే భోజనాలకు, బహుమతులకు వెళ్లిపోతారు. అందుకని పదకొండు లోపు చేరుకోండి. ఏ దశాబ్దం బండి అని కాదు, ఎవరి బండి అని అడగండి. బోర్డు మీద ఉంది చదువుకోమంటారు. చదివాక కూడా అడగండి.