మా పరుగులో ముందుండే మనిషి

మాతో కలిసి పరిగెత్తే మనిషికి చెప్పకుండా మావాళ్ళు పరుగు వేళ మార్చేశారు. ఆయన రాకుండా ఉండాలనే మార్చారు. అది తప్పు. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

తొంభైల చివర్లో రాజమండ్రి గోదావరి గట్టు మీద తెల్లారగట్ల పరిగెత్తేవాళ్ళం. బట్టల కొట్టు షావుకారు, బ్యాంకు గుమాస్తా, ఇద్దరు మాస్టర్లు, కలప అడితిలో పనిచేసే నేను. అందరం యాభై దాటినవాళ్ళమే. నేను చెప్పే ఆ మనిషి పూర్వం లాంచీల రేవులో టిక్కెట్లు ఇచ్చేవాడు. భార్య పోయాక ఇంట్లోంచి కదలడం మానేశాడు. షుగరు ముదిరి అరికాళ్ళు తిమ్మిరెక్కాయి, ఎడమకాలు ఈడ్చేవాడు. 'ఒళ్ళు కదపండి, లేదంటే ఇక సూదిమందే' అని డాక్టరు చెబితే నేనే గట్టుకి లాక్కొచ్చాను.

నేను బడిలో చదివింది అయిదో తరగతి. మిగతాదంతా పొట్లాల కాగితాల మీదా, లైబ్రరీ బల్లల దగ్గరా చదువుకున్నాను. పరుగు గుండెకి మంచిదనీ, నిద్ర పట్టిస్తుందనీ అందరూ రాస్తారు. పదిమందితో కలిసి పరిగెత్తితే కలిగే మేలు మాత్రం సరిగ్గా రాసినవాడు నాకు కనపడలేదు. చలికి దుప్పటి తియ్యబుద్ధి కాని మనిషి కూడా, గేటు దగ్గర ఎవరో "ఏవండోయ్, లేచారా?" అంటే సిగ్గుపడి లేస్తాడు. ఒంటరిగా మొదలుపెట్టినవాడు మానేస్తే అడిగే దిక్కుండదు.

మా పరుగుకి ఒక పద్ధతి ఉండేది. అది నేను పెట్టిందే. కోతల రోజుల్లో పనల బళ్ళు వరసగా తోలేటప్పుడు మా నాన్న బక్కెడ్ల బండిని ముందు పెట్టించేవాడు. వెనకుంటే అది ఎక్కడ దిగబడిందో ముందువాళ్ళకి తెలియదు. ముందుంటే అందరూ దాని నడకకే నడవాలి. అలాగే మేమూ ఆయన్ని ముందు పెట్టుకుని పరిగెత్తేవాళ్ళం.

"ఏంటండీ, ఇంజను ఇవాళ బొగ్గు తినలేదా?" అని షావుకారు వెనకనించి అరిచేవాడు.

"వెనక తగిలించిన పెట్టె బరువు అలాంటిదండి మరి!" అనేవాడాయన తిరిగి చూడకుండానే. షావుకారు పొట్ట చూసుకుని తనే ముందు నవ్వేవాడు.

ఆ వేసవి తిరిగేసరికి ఆయనకి ఆకలొచ్చింది, మాటొచ్చింది. డాక్టరు ఒక మాత్ర తగ్గించాడు కూడా.

అప్పుడే బదిలీ మీద ఊళ్ళోకొచ్చిన ఆఫీసరుగారొకరు మాలో చేరారు. మెళ్ళో స్టాప్‌వాచీ. "మనం పరిగెడుతున్నామాండీ, ఊరేగుతున్నామా?" అన్నారు మొదటిరోజే. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నేను పిఠాపురంలో మేనకోడలి ఇంటికెళ్ళి వారం ఉండి వచ్చాను. వచ్చిన మర్నాడు చూద్దును కదా, రేవు మెట్ల మీద ఆయనొక్కడే బూట్లు కట్టుకుని కూర్చున్నాడు.

"ఎవరూ రావట్లేదండి. మీరు కూడా లేరాయె. అందరికీ జ్వరాలేమో అనుకున్నాను."

మావాళ్ళు వేళ ముందుకి జరిపి, రోజూ ఆయన వచ్చేలోపే ముగించుకుని పోయేవారట. ఆవేళ ఆలస్యమైనట్టుంది, చెమటలు కక్కుతూ ఎదురొచ్చారు. ఆయన చూశాడు. వాళ్ళూ చూశారు. గుమాస్తా వంగి బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ తాడు ఊడలేదని నాకు తెలుసు.

"పోనీండి, మనిద్దరం పరిగెడదాం," అన్నాను.

"నా కోసం మీరొక్కరే వస్తే అది సేవండి. నాకొద్దు. వాళ్ళతో అయితే నేనూ వాళ్ళలో ఒకణ్ణి," అన్నాడు లేస్తూ.

మళ్ళీ గట్టుకి రాలేదు. దసరాకి ముందే డాక్టరు సూదిమందు రాశాడు. తొడకి పొడుచుకుంటూ నా వైపు చూసేవాడు కాదు.

నేనూ పరుగు మానేసి, వాళ్ళు ఆగేచోట నిలబడేవాణ్ణి. "ఎవరో ఒకరు ఆయన గేటు దగ్గరికెళ్ళి ఒక్క కేక వెయ్యండి. వస్తాడు," అనేవాణ్ణి. "మేమేం తీసెయ్యలేదండీ, టైమింగు మార్చామంతే," అన్నారు ఆఫీసరుగారు. "ఆఫీసరుగారి మాట కాదనలేం కదండీ," అన్నారు మాస్టర్లు. చదువుకున్నవాళ్ళు తప్పు చేసి దానికి వేరే పేరు పెట్టడంలో ఎంత నేర్పరులో నాకు అప్పుడే తెలిసింది.

కొన్నాళ్ళకి ఆఫీసరుగారికి మళ్ళీ బదిలీ అయింది. ఆయనతోపాటు స్టాప్‌వాచీ కూడా పోయింది. మావాళ్ళ పరుగు మళ్ళీ మెల్లబడింది, వేళ కూడా పాతదే అయింది. ఇక పిలుస్తారనుకున్నాను. ఆ సంగతి ఇంట్లో కూర్చున్న మా ముందుమనిషికీ చెప్పాను. చెప్పినందుకు ఆయన గేటు గడియ తీసిపెట్టుకుని కూర్చునేవాడు. ఒక్కడూ ఆ వీధి మలుపు తిరగలేదు.

ఒళ్ళు మండి షావుకారు కొట్టుకి వెళ్ళాను. బేరగాళ్ళున్నా చూడలేదు. "ఇప్పుడు ఆఫీసరు లేడు కదా, ఇప్పుడేం అడ్డమొచ్చింది?" అని నిలదీశాను. ఆయన బేరగాళ్ళని పంపేసి, పరిచిన చీర మడత పెట్టాడు. తర్వాత అన్నాడు:

"ఆఫీసరు పేరు చెప్పి మేమే తప్పించుకున్నామండి. ఆయన్ని మీరు ముందు పెట్టారు. రోజూ ఆ ఈడ్చే కాలు చూస్తూ పరిగెత్తాలి. నాకూ షుగరుందండి, ఎవరికీ చెప్పలేదు. మా నాన్నకి కాలు తీసేశారు. ఆ దిగులు కాసేపు మర్చిపోదామని గట్టుకొస్తే, అక్కడా అదే నా ముందు నడుస్తోంది. మీరెన్నిసార్లు అడిగినా ఆయన గేటు దగ్గరికి నేను రాలేనండి."