పసుపు మీద సున్నం

మంచు కప్పిన ఇంటి బొమ్మ ఎలా వేయాలో నాకు నేర్పారు గానీ, మంచు ఎలా ఉంటుందో ఎవరూ చూపించలేదు. నేను కడపలో బోర్డింగు బడిలో చదువుకునే రోజుల మాట ఇది. చలి మొదలవగానే మా దొరసానమ్మ పెద్దపిల్లలను వరండాలో కూర్చోబెట్టి క్రిస్మసు కార్డులు చేయించేది. అవి ఓడెక్కి ఆమె దేశానికి పోయేవి. మంచులో మునిగే దేశానికి మంచు బొమ్మలు మేమే, అదీ కడపలో కూర్చుని చెమట తుడుచుకుంటూ వేసి పంపాలట. ఇదేం చోద్యమో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. నేను వేసిన మొదటి ఇంటికప్పు చూసి పక్కనున్న పిల్ల, "ఏమ్మే, మిద్దె మీద పత్తి ఆరబోసినట్టుండాదే" అంది. నిజమే, నాకు తెలిసిన తెలుపు అదే.

దొరసానమ్మ రంగులు ఒక రేకుపెట్టెలో బిళ్ళలుగా ఉండేవి. తడి కుంచె తగిలిస్తే కరిగేవి. కుంచెకు కట్టినవి ఉడత తోక వెంట్రుకలని ఆమె చెబితే మొదట నమ్మలేదు. తర్వాత నమ్మి, ఉడతల మీద జాలిపడ్డాను. దళసరి కాగితాన్ని నీళ్ళతో తడిపి పలక మీద పరచాలి. ఆ తడి ఆరకముందే పలుచని రంగును పైనుంచి కిందికి ఒక్క ఊపులో దింపాలి. ఆమె దేశంలో అది సుళువేమో. మా గాలికి తడి నిలుస్తుందా? కుంచె ఈ చివరనుంచి ఆ చివరకు పోయేలోగా వెనక ఆరిపోయి చారలు పడేవి. చివరకు మేమే వరండాకు తడిపిన గోనెసంచులు వేలాడదీసి, వాటి చాటున కూర్చుని రంగులు వేయడం మొదలుపెట్టాం.

అన్నిటికన్నా మమ్మల్ని ఏడిపించింది తెలుపు. పెట్టెలో తెల్లరంగే ఉండేది కాదు. "తెలుపు కాగితంలోనే ఉంది. మీరు దాన్ని వదిలిపెట్టాలి, అంతే" అనేది దొరసానమ్మ. తెల్లగా ఉండాల్సిన చోటు ఏదో ముందే తలచుకుని, అక్కడ కుంచె తగలకుండా జాగా విడవాలి. మాకిది తలకిందుల వ్యవహారం. మా ఇళ్ళల్లో ముందు ఎర్రమన్నుతో గోడ అలుకుతారు, ఆపైన సున్నంతో గీతలు దిద్దుతారు. తెలుపు ఎప్పుడూ చివర వచ్చేదే. ఆమె ఎన్నిసార్లు చెప్పినా మా చేతులు వినేవి కావు.

యుద్ధం వచ్చాక ఓడల్లో ఆమె దేశపు రంగులు రావడం ఆగిపోయింది. బిళ్ళలు అరిగి పెట్టె అడుగు రేకు కనబడసాగింది. అప్పుడు మేం ఇంటి రంగులు కలపడం నేర్చుకున్నాం. పసుపు, నీలిమందు, వడగట్టిన ఎర్రమన్ను, దీపం మసి. వీటిని తుమ్మబంక నానబెట్టిన నీళ్ళలో కలిపితే కాగితాన్ని అంటుకునేవి. దొరసానమ్మ వాటిని చూసి సంతోషపడింది. నేనైతే గర్వంతో నేలమీద నడవలేదు.

ఇక మా ఇంటి సంగతి. మాది బద్వేలు దగ్గర ఒక పల్లె. ఇంట్లో నాయన, అమ్మ, నాయనను కన్న మా జేజి ఉండేవాళ్ళు. నాకు ఒక్క అన్న. నాయన మా చిన్న చర్చికి పెద్ద. కొంచెం మెట్ట చేను, దానికి మించిన పట్టుదల ఆయన ఆస్తి. ఆయన తలకు చుట్టే రుమాలు ఎప్పుడూ తెల్లగా ఉండాలి. దానికి బూడిదనీళ్ళు పట్టించి, బండకేసి ఉతికి ఉతికి మా అమ్మ చేతులు అరిగిపోయాయి.

అన్నకు చదువు అబ్బలేదు గానీ పనిలో రాక్షసుడు. ఒక యేడు కూలికి పోయి చెనక్కాయలు పీకి, ఆ డబ్బుతో సాలెవాళ్ళ దగ్గర నాయనకు రుమాలు కొన్నాడు. ఎర్రది. మామూలు ఎరుపు కాదు, కన్ను పడితే తిప్పుకోలేని ఎరుపు. క్రిస్మసు పొద్దున చర్చి ముందర అందరూ ఉండగా దాన్ని నాయన చేతిలో పెట్టాడు. వాడికి నలుగురిలో ఇవ్వాలని ఆశ. నాయన దాన్ని విప్పి చూశాడు.

"ఇదేందిరా. నేనేమన్నా జాతరలో ఎగిరేదానికి పోతాండానా? నలుగురిలో నా తల తీస్తావా?" అన్నాడు.

జనం నవ్వారు. నాయన రుమాలును గోడమీద పెట్టేసి లోపలికి పోయాడు. అన్న ఆ ఆరాధనకు లోపలికి రాలేదు. మధ్యాహ్నం అన్నానికీ రాలేదు. తర్వాత తెలిసింది, కోలారు బంగారు గనులకు పోయాడని. గోడమీది రుమాలును అమ్మ తెచ్చి చెక్కపెట్టెలో అడుగున దాచింది. దాని ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వాడు పోయాక రెండో క్రిస్మసు కూడా దగ్గరికొచ్చింది గానీ అన్న రాలేదు.

ఆ గనుల్లోనే పనిచేసే మా ఊరి మేస్త్రి ఒకాయన ఉండేవాడు. ఆయన వచ్చినప్పుడల్లా అమ్మ "వాన్ని రమ్మని చెప్పప్పా" అని బతిమాలేది. ఆ డిసెంబరులో నేను సెలవులకు ఇంటికి వచ్చేసరికి ఆయన మా వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు.

"చెప్పినా తల్లీ. వాడు ఒక్కటే అడుగుతాడు. అమ్మ రమ్మంటాదని నాకు తెల్సు, నాయన ఏమన్నాడు, అంటాడు. దానికి నేనేం చెప్పల్ల?" అన్నాడు.

అమ్మ నాయనకేసి చూసింది. నాయన వసారా దూలాలు లెక్కబెడుతున్నట్టు పైకి చూస్తూ, "నేను పొమ్మన్నానా, రమ్మనేదానికి?" అని కండువా దులుపుకుని చేనికి పోయాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ నాయనను ఏమనగలను? జేజి అనగలదు, అంది కూడా. "వీడు కడుపులో ఉన్నప్పుడే అడ్డం తిరిగినాడు. ఇంగా నిలువు కాలే" అంది.

మేస్త్రి మర్నాడు తెల్లవారుతూనే కోలారు పోతానన్నాడు. ఆయన అటు పోగానే అమ్మ నా దగ్గర కూర్చుంది.

"పాపా, నువ్వు బొమ్మలు ఏస్తావంట గదా. మీ అన్నకు ఒకటి ఏయి. జాబు రాస్తే వాడు చదవలేడు. ఎవురితోనో చదివించుకోవల్లంటే సిగ్గుపడతాడు. బొమ్మైతే వాడే చూస్తాడు."

"ఏం బొమ్మమ్మా?"

"మన వాకిలి ఏయి. వాని కంచం పెట్టు. కంచంలో ముద్ద పెట్టు. మీ నాయన గడపలో నిలబడి దావ చూస్తాండేట్టు ఏయి."

"నాయన చూడ్డంలేదు కదమ్మా."

"చూస్తాండాడు. నీకు కనపడదు" అంది అమ్మ.

దొరసానమ్మ నాకు క్రిస్మసు బహుమానంగా ఇచ్చిన దళసరి కాగితం ఒకటే ఒకటి ఉంది. పాడుచేస్తే మరొకటి లేదు, బద్వేలంతా గాలించినా దొరకదు. తడి గోనెసంచి గవాక్షానికి కట్టాను. కాగితాన్ని కార్డులా మడిచి, తడిపి, జేజి పీట మీద పరిచాను. పొద్దుటి ఎండ పడిన వాకిలి అనుకుని పసుపునీళ్ళు పైనుంచి కిందికి దింపాను. ఎంత బాగా వచ్చిందంటే ఒక్క చార లేదు. అది ఆరాక ఎర్రమన్నుతో గోడ, మసితో తలుపు చట్రం, గడప పక్కన అన్న మేకలు తోలే కట్టె, కింద కంచం, కంచంలో సంగటిముద్ద. అన్నీ కుదిరాయి. నీలిమందు నీడ ఒకటి వేసి, గడపలో నాయనను నిలబెట్టాను. పంచెను కూడా గోధుమరంగులో మన్ను అంటిన పంచెలాగా లాగించేశాను.

తలకాయ దగ్గరికి వచ్చేసరికి కుంచె ఆపేశాను. రుమాలుకు తెలుపు విడవలేదు. కాగితమంతా పసుపు కమ్మేసి ఉంది. దొరసానమ్మ మాట చెవిలో గింగురుమంది గానీ ఇప్పుడేం లాభం, చేతులు కాలాక.

తెల్ల రుమాలు లేకపోతే అది మా నాయన కాదు, ఎవరో దారినపోయే మనిషి. ఏం చేయాలా అని అటూ ఇటూ చూస్తే జేజి వక్కాకు సంచి కనబడింది. అందులో సున్నం కాయ. మా చేతులకు ఎప్పుడూ తెలిసిన తెలుపు అదేగా. తడివేలితో కొంచెం తీసి, కుంచెకు పట్టించి, నాయన తలమీద నాలుగు చుట్లు చుట్టాను.

చుట్టినవి చుట్టినట్టే ఎర్రబడ్డాయి.

దిష్టి తీసేవాళ్ళ పళ్ళెంలో పసుపునీళ్ళలో సున్నం కలిపితే ఏమవుతుందో మా ఊళ్ళో పాలుతాగే బిడ్డకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ బంకనీళ్ళలో కలిపి కుంచెతో పూసినప్పటినుంచీ నా మనసులో అది రంగు అయిపోయింది, పసుపన్న మాటే మరిచిపోయాను. అదీ నా చదువు.

జేజి వంగి చూసింది. "ఒసే, మీ నాయనకు దిష్టి తీసినావు గదే" అని బోసినోటితో నవ్వింది. అమ్మ నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"ఎర్ర రుమాలు" అంది నెమ్మదిగా. "వాడు చూస్తే ఎగతాళి పట్టిచ్చినామనుకుంటాడు. ఇంగ ఈ జన్మకు రాడు."

తుడవబోతే కాగితం పొర లేస్తుంది. మసి పూస్తే నల్ల రుమాలు అవుతుంది. నేను పీటముందు కూర్చుని ఏడ్చాను. నా గర్వమంతా ఆ కన్నీళ్ళలోనే పోయింది.

పొద్దు వాలుతుండగా నాయన చేనినుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తూనే పీటమీది బొమ్మ చూశాడు. దాయడానికి మాకు వ్యవధి లేదు.

"ఎవురు ఇది?" అన్నాడు.

"నువ్వేరా. ఇంగెవురు?" అంది జేజి.

నాయన గొంతుక్కూర్చుని చూశాడు. మేకల కట్టె చూశాడు, కంచం చూశాడు. వేలు కాగితానికి తగలకుండా గడపలో మనిషి మీద ఆపాడు. నేను వెక్కుతూనే చెప్పేశాను. తెల్లదే వేయబోయానని, పసుపు మీద సున్నం పడి ఇలా అయిందని, కావాలని చేయలేదని. అమ్మ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

నాయన తన తలమీది రుమాలు విప్పి ఒళ్ళో పెట్టుకుని, బొమ్మకేసి చూస్తూనే అన్నాడు.

"ఈ పక్క చుట్టు సరిగా ఎర్రబడలే. ఇంగ రవ్వంత సున్నం పెట్టు."

నాకు మొదట అర్థం కాలేదు. అమ్మకు అయింది. సున్నం కాయ తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఆ పక్కన ఇంకొక చుట్టు చుట్టాను. అదీ ఎర్రబడింది. నాయన తల ఊపి, లేచి, ఎద్దులకు మేత వేయడానికి పోయాడు. తెల్లవారి మేస్త్రి వాకిట్లోకి వచ్చినప్పుడు కార్డును గుడ్డలో చుట్టి ఇచ్చింది అమ్మ కాదు, నాయన.

"నలపొద్దప్పా" అన్నాడు, అంతే.

క్రిస్మసు వచ్చింది, పోయింది. అన్న రాలేదు. నాయన తెల్ల రుమాలే కట్టుకుని చర్చికి పోయాడు, పాటలు పాడాడు, ఇంటికొచ్చి సంగటి సగంలో విడిచి లేచాడు. అమ్మ ఆ వారమంతా అన్న కంచం తోమి గడప పక్కనే పెట్టింది. నేను ఆ బొమ్మను తలచుకుని తలచుకుని, ఎగతాళి అనుకున్నాడేమో, అనుకున్నాడేమో అని నా ప్రాణం తినేసుకున్నాను.

కొత్త సంవత్సరం పొద్దున ఆరాధనకు బయలుదేరాం. నాయన ముందు, వెనక మేం ముగ్గురం. జేజి కళ్ళే ముందు పట్టాయి, ఆమెకు దగ్గరివి సరిగా కనబడవు గానీ దూరానివి బాగా కనబడతాయి.

"ఆ నడక మనోనిది" అంది.

దారి చివర మూట ఒకటి భుజాన వేసుకుని మనిషి వస్తున్నాడు. అమ్మ పరుగెత్తింది. నాయన ఆగి చూశాడు. చూసి, వెనక్కు తిరిగి ఇంట్లోకి పోయాడు. అంత దూరంనుంచి వచ్చిన బిడ్డకు వీపు చూపించి పోతాడా మనిషి? అన్న కూడా అది చూశాడు. అమ్మ చేయి పట్టుకునే వాకిట్లోకి వచ్చాడు గానీ గడప తొక్కలేదు. మూట దించలేదు. గుడ్డలోంచి కార్డు తీసి నాకు చూపించాడు.

"ఈ ఎర్ర రుమాలు నిజమేనా, నీ అంతట నువ్వే ఏసినావా?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పేలోగా లోపల చెక్కపెట్టె మూత పడిన చప్పుడైంది. నాయన బయటికొచ్చాడు. తలమీద ఎర్ర రుమాలు. తొందరలో చుట్టాడేమో, చుట్లు వంకరపోయి, కొస ఒకటి చెవిమీద వేలాడుతోంది. రెండేళ్ళ మడతలు ఇంకా పోలేదు. పెట్టె అడుగున అది ఉందని ఆయనకు మొదటినుంచీ తెలుసన్నమాట. గడపలో, నేను బొమ్మలో నిలబెట్టిన చోటే నిలబడ్డాడు.

అన్న మూట దించాడు. దగ్గరికి పోయి వేలాడే కొస పట్టుకున్నాడు.

"ఇదేం కట్టు నాయనా. ఊడిపోతాండాది" అన్నాడు.

నాయన వాడికి అందేలా తల వంచాడు.

"నువ్వే కట్టు. గట్టిగా కట్టు. చర్చిలో నలుగురూ చూడల్ల."