ఎక్కువైన పట్టీ

తన కారు కిందికి ఇంకొకరు దూరితే కృపావరం ఓర్చుకోలేకపోయేవాడు. పదేళ్లు పత్తిమిల్లు లారీ నడిపి, 1976లో ఒక పాత అంబాసిడర్ కొనుక్కుని ఆళ్లగడ్డలో బాడుగకు తిప్పుకుంటున్న మనిషి. ఏ షెడ్డులో బండి పెట్టినా మెకానిక్ నెత్తిమీదే నిలబడేవాడు. అతను బిగించిన ప్రతి నట్టునూ మళ్లీ తానొకసారి స్పానరు పెట్టి చూసేవాడు.

మూడేళ్ల తర్వాత ఒక శుక్రవారం, ఎనిమిదిమంది యాత్రికులను కుక్కుకుని అహోబిలం నుంచి వస్తుంటే కుదుపులు కాచే వెనక కమాను కట్టలో, అంటే స్ప్రింగులో, పెద్ద ఇనుప పట్టీ విరిగింది. సోమవారం అహోబిలం అర్చకుడు రంగనాథం భార్య అలమేలును నంద్యాల ఆసుపత్రిలో చేర్చాలి. నెలలు నిండిన మనిషికి బస్సు కుదుపులు పనికిరావని డాక్టరమ్మ చెబితే, తన కారులో మెల్లగా తీసుకుపోతానని కృపావరమే మాటిచ్చాడు.

శనివారం తొలి బస్సుకు నంద్యాల వెళ్లి, మెకానిక్ కొండయ్య షెడ్డు ముందు నిలబడ్డాడు.

“బండి ఈడికి చేర్చప్పా, మంగళారానికి ఇస్తా,” అన్నాడు కొండయ్య.

“మంగళారం నాకెందుకు? పట్టీ ఇయ్యి, నేనే ఏసుకుంటా.”

“నువ్వే ఏసుకుంటావా? మంచిదే. మా చెవులన్నా సల్లగుంటాయి.”

“ఇంగొక పట్టీ గూడ ఇయ్యి. మళ్లా ఇరగగూడదు.”

“ఎక్కువేస్తే బండి బిర్రెక్కుతాదన్నా. ఎగరేసి కొడ్తాది.”

“నా బండి నాకు తెలీదా?”

పట్టీలు బస్సు టాపు మీద వేసుకుని వచ్చి, సాయంత్రందాకా కారు కిందే పడుకున్నాడు. లేచి చూస్తే బండి వెనకభాగం ఎత్తుగా, కొత్తదానిలా నిలబడింది. అయినా రాత్రి అన్నం సరిగా తినలేదు. రెండుసార్లు బయటికి పోయి నట్లు తడిమి వచ్చాడు.

ఆదివారం చర్చిలో ఆరాధన ముగియగానే భార్య దేవమ్మను వెనకసీట్లో కూర్చోబెట్టి కాలువగట్టు దాకా నడిపాడు. మొదటి గుంతకే ఆమె తల టాపుకు కొట్టుకుంది.

“ఏమయ్యా, ఇది కారా, కుందెనా? నన్ను దంచుతాండావే!”

“కొత్తది గదా, కుదురుకుంటాది.”

“ఎప్పుడు, ఆయమ్మ కనినాకనా? ఒట్టి మనిషిని, నాకే నడుమిరిగిపాయ. ఆయమ్మ ఎట్ల కూచుంటాది?”

 కృపావరానికి కొండయ్య మాట గుర్తొచ్చింది. బండి వెనక్కి తిప్పి, చర్చి పక్కనే జాకీ ఎత్తి కమాను కట్ట విప్పాడు. ఎక్కువ పట్టీ తీసి అవతల పడేశాడు.

కట్టను బండి మీద బరువు ఉండగానే చివరిసారి బిగించాలని లారీ రోజుల్లో నేర్చుకున్నాడు. అందుకే చక్రాలు నేలకు దించి, ఆరాధనకొచ్చి ఇంకా ఇళ్లకు పోని కృపమ్మనూ దానమ్మనూ మరో ఇద్దరినీ బతిమాలి కారెక్కించాడు. వాళ్లు పాటల పుస్తకాలు ఒడిలో పెట్టుకుని కూర్చుంటే తాను కిందికి దూరాడు.

“పాస్టరయ్య గూడ మమ్మల్ని ఇంతసేపు కూచోబెట్టల్యా కృపావరం!” అంది కృపమ్మ.

“ఇంగొక్క చుట్టు అక్కా. కదలొద్దు.”

“ఒక్క చుట్టని అరగంటాయ. నా కాళ్లు తిమ్మిరెక్కె!” అంది దానమ్మ.

సోమవారం అలమేలును ఎక్కించుకున్నాక అతని ధ్యాస రోడ్డు మీద లేదు. వెనకనుంచి టక్కుమంటే చాలు, నట్టు వదులైందేమో అనుకునేవాడు. ఆళ్లగడ్డ దాటగానే ఆపి కిందికి వంగి చూశాడు. శిరివెళ్ల దగ్గర మళ్లీ ఆపాడు. అన్నీ బిగుతుగానే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఇతరులు బిగించినదాన్ని నమ్మలేదు. ఇప్పుడు తన చెయ్యినే నమ్మలేకపోతున్నాడు.

“మళ్లీ ఏమైంది కృపావరం?” అన్నాడు రంగనాథం.

“ఏం లేదు సామీ.”

అంతదాకా గుంత వచ్చినప్పుడల్లా అలమేలు సన్నగా “అబ్బా” అనేది. కొంతదూరం పోయాక ఆ మాట ఆగిపోయింది. ఒక గుంత దాటింది, రెండోది దాటింది, వెనక చప్పుడు లేదు. ఆమెకేమన్నా అయిందేమోనని కృపావరం బండి పక్కకు తీసి బ్రేకు వేసి వెనక్కి తిరిగాడు.

భర్త భుజంమీద తల వాల్చుకున్న అలమేలు కళ్లు తెరిచింది.

“నంద్యాల వచ్చేసిందా అన్నా?”

“రెండు రాత్రులుగా కన్ను మూయలేదయ్యా, ఇప్పుడే కునుకు పట్టింది. నువ్వు ఆపకుండా పోనీ!” అని విసుక్కున్నాడు రంగనాథం.

కృపావరం గేరు వేశాడు. నంద్యాల దాకా ఇంకెక్కడా ఆపలేదు. చెవి మాత్రం వెనకచక్రం మీదే ఉంచాడు.